ఫ్రాన్సు కొలువు, మన మౌనము

1962 ఆగస్టు 16న యానాము విధ్యుక్తముగా భారతదేశమున చేరినప్పుడు, ఫ్రెంచి పౌరసత్వమును కోరుకొనుటకు ఇచ్చటివారికి ఆరు నెలల గడువుండెను. అట్లు కోరుకొన్న కుటుంబములవారు కొందరు నేడు ఫ్రాన్సులో కొలువు చేయుచున్నారు.

మనవారిని అచ్చట తొలుత తికమకపెట్టునది పని కాదు, పలకరింపు. 'బోంజూర్' అనక పని మాట యెత్తుట అమర్యాద. పై అధికారి యెదుట మౌనము మనకు వినయము. అచ్చటి సమావేశములలో అది అభిప్రాయము లేకుండుటగా తోచును. సెలవును వేడుకొన నక్కరలేదు. ఏటా ఐదు వారముల జీతపు సెలవు 1982 నుండి చట్టమిచ్చిన హక్కు. యానాములోని ముసలి తల్లిదండ్రులను చూచుటకు ఆ వారములే గతి. (అవి చాలునా యన్నది వేరుమాట.)

పిల్లలను పంపదలచిన మనము ఫ్రెంచితోపాటు తమ తలపును నిర్భయముగా చెప్పుటయు నేర్పవలెను. ఇంటిలో ఎదురుమాటాడిన బిడ్డను మాత్రము మన మింకను మందలించుచునే యున్నాము.