బూట్లు మంచం కిందకు చేరకుండా..

మత్తిగిరి: కొడుకు కొత్త బూట్లు తెచ్చిస్తాడు. తాత నాలుగు రోజులు పశువుల ఫారం వైపు నడిచొస్తాడు. అయిదో రోజు వాన, ఆరో రోజు బంధువుల ఇంట పెళ్లి. ఏడో రోజుకు బూట్లు మంచం కిందకు చేరతాయి. మత్తిగిరి, హోసూరు పరిసరాల్లో చాలా ఇళ్లలో ఇదే తంతు.

'రాగి చేలల్లో తిరిగిన కాళ్లివి.. మళ్లీ కసరత్తెందుకప్పా?' అన్నది పెద్దల మాట. నిజమే. కానీ పొలం పని మానేశాక ఆ బలం నిల్వ ఉండదు. వాడని కండ కరుగుతుంది. బాత్‌రూంలో కాలు జారితే తుంటి ఎముక విరగొచ్చు. ఆ తర్వాత దొడ్డికెళ్లాలన్నా ఇంకొకరి చెయ్యి పట్టుకోవాల్సిందే.

అమెరికాలో 70-89 ఏళ్ల వయసున్న 1,635 మందిని రెండున్నరేళ్లకు పైగా గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. నడకతోపాటు కాళ్ల బలానికి కసరత్తులు చేసినవారిలో, 400 మీటర్లు కూడా నడవలేని దుస్థితి 18 శాతం మేర తగ్గింది. వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి శ్రమ ఉండాలని, 65 దాటినవారు మూడు రోజులైనా పడిపోకుండా నిలదొక్కుకునే కసరత్తులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

లెక్క విని బెదరనక్కర్లేదు. పది నిమిషాలతో మొదలుపెట్టొచ్చు. పొద్దున కాఫీ తాగగానే కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. గోడ పట్టుకుని ఒంటికాలిపై కాసేపు నిలబడాలి. కాఫీ మరిచేవాళ్లుండరు కాబట్టి కసరత్తూ గుర్తుంటుంది.

అన్నిటికన్నా పనికొచ్చేది తోడు. ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి 'ఏమన్నా, రాలేదా?' అని పిలిస్తే కాదనలేరు. కొడుకు, కోడలు ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయే ఇళ్లలో మనవడో మనవరాలో అవ్వ వెంట నడవొచ్చు. 'నడిచావా, లేదా?' అని నిలదీస్తే మాత్రం ఆ పూటకే ఆఖరు. జ్వరమొచ్చి వారం మానేసినా మళ్లీ సగంతో మొదలుపెట్టనివ్వాలి.

చలికాలంలో ఎండొచ్చాకే బయల్దేరడం మేలు. సానమావు అడవి అంచు ఊళ్లవారు చీకట్లో అసలు వెళ్లొద్దు.. ఏనుగులకు మన వాకింగ్ టైముతో పనిలేదు!

ఇంటివద్దకే వైద్యం అందించే 'మక్కలై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది ఈ జిల్లాలోని సామనపల్లిలోనే. బీపీ, షుగరు మందులతోపాటు ఫిజియోథెరపీని కూడా అందులో చేర్చారు. గడప దాటలేని పెద్దలున్నవారు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి. నడుస్తుండగా గుండెలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగిపోయి డాక్టరుకు చూపించుకోవాలి.