‘రోమియో–జూలియట్’: ప్రేమ, పెళ్లి, ఆస్తి

షేక్స్‌పియర్ ‘రోమియో–జూలియట్’ విధివంచితులైన ప్రేమికుల కథ అనటం మన సాహిత్య విద్యార్థులకు పరిపాటి. నాటకం మొదట్లోనే నక్షత్రాల ప్రస్తావన ఉంది. ఉత్తరం చేరకపోవటం వంటి యాదృచ్ఛిక సంఘటనలూ ఉన్నాయి. కాదనను. అయితే ఆ ఉత్తరం రాయవలసిన అవసరం ఎందుకొచ్చింది? పారిస్‌తో జూలియట్ పెళ్లి తప్పించటానికి. ఆ పెళ్లి కుదిర్చినవాడు తండ్రి. విషాదానికి మూలం అక్కడ వెతకాలని నా అభిప్రాయం.

మొదటి అంకంలో కాపులెట్ ఎంతో ఉదారుడు. వెరోనా ప్రభువు బంధువైన పారిస్ పిల్లనిమ్మని అడిగితే, ఇంకా చిన్నది, రెండేళ్లు ఆగమంటాడు. ముందు ఆమె మనసు గెలుచుకోమంటాడు. ఆమె సమ్మతి లేనిదే తన అంగీకారం చాలదంటాడు. మూడో అంకంలో ఇదే తండ్రి కూతుర్ని మాటమాత్రం అడక్కుండా, రాత్రికి రాత్రి పెళ్లి ఖాయం చేస్తాడు. బుధవారమా, గురువారమా అన్నదొక్కటే అతని ఆలోచన. ఆమె కాదనగానే వీధిలోకి గెంటేస్తానంటాడు. ఆకలితో చచ్చినా తన ఆస్తిలో చిల్లిగవ్వ దక్కదంటాడు. ఆమె తనది గనుక తన ఇష్టమొచ్చినవాడికి ఇస్తాడు. ఇదీ అతని తర్కం.

కాపులెట్ సహజంగా క్రూరుడు కాడు. కూతురంటే ప్రేమ ఉన్నవాడే. కాని మొదట చూపిన స్వేచ్ఛ అతను దయతో ఇచ్చినది. కూతురు దాన్ని వాడుకోనంతవరకే అది చెల్లుతుంది.

ఈ కథ షేక్స్‌పియర్ కల్పన కాదు. 1562లో ఆర్థర్ బ్రూక్ దీన్ని ఇంగ్లీషులో కావ్యంగా రాశాడు. పెద్దల మాట కాదన్న ప్రేమికులనే పీఠికలో తప్పుపట్టాడు. 1597లో తొలిసారి అచ్చయిన నాటకంలో షేక్స్‌పియర్ ఆ తీర్పును వదిలేశాడు. నెలల తరబడి సాగిన కథను ఐదు రోజుల్లోకి కుదించాడు. పదహారుకు దగ్గరపడిన జూలియట్‌ను పద్నాలుగైనా నిండని పిల్లను చేశాడు. అంత చిన్నపిల్ల మీద నేరం మోపటం కష్టం. నిందాభారం పెద్దలవైపు జరిగింది.

జూలియట్ పెళ్లిని తిరస్కరించలేదని గమనించాలి. ప్రేమ నిజమైతే పెళ్లి మాట రేపే చెప్పి పంపమని రోమియోను అడిగినది ఆమే. ఎంచుకునే హక్కే ఆమె కోరినది. ఆ హక్కును హక్కుగా గుర్తించినవారు చుట్టూ ఎవరూ లేరు. రహస్యంగా పెళ్లి జరిపించిన సన్యాసి కూడా రెండిళ్ల పగ చల్లారుతుందన్న ఆశతోనే ఒప్పుకున్నాడు. రోమియో ఊరినుంచి బహిష్కృతుడు కాగానే, పాలిచ్చి పెంచిన దాది పారిస్‌ను చేసుకోమంటుంది. ఆ క్షణం నుంచి జూలియట్ ఆమెకు మనసు విప్పదు.

చివరి దృశ్యం చూడండి. కాపులెట్ మాంటెగ్యూ చెయ్యి అడిగి, తన కూతురికి మగపెళ్లివారు రాసియ్యవలసిన ఆస్తి అదేనంటాడు. మాంటెగ్యూ జూలియట్‌కు బంగారు విగ్రహం చేయిస్తానంటే, కాపులెట్ రోమియోకూ అంతటిదే అంటాడు. అంతకు కొంచెం ముందే, పేద మందులవాడి దగ్గర విషం కొన్న రోమియో, దానికన్నా తానిచ్చే బంగారమే పెద్ద విషమని చెప్పి వెళ్లాడు. పగ చల్లారింది. శవాల ముందు కూడా పెద్దల లెక్కల భాష మారలేదు.

మన రచయితలు చాలామంది తండ్రిని దుర్మార్గుణ్ణి చేసి చేతులు దులుపుకుంటున్నారు. అతను చెడ్డవాడైతే వ్యవస్థ తప్పించుకుంటుంది. మంచి తండ్రి చేత వ్యవస్థ ఏం చేయించగలదో షేక్స్‌పియర్ చూపించాడు. మనం నేర్చుకోవలసినది అది.