జలాంతర్గాముల వేటకు ‘వరుణాస్త్ర’

విశాఖపట్నం: సముద్ర గర్భంలో పొంచి ఉన్న జలాంతర్గామిని రాడార్ పసిగట్టలేదు. శబ్దమే దాని జాడ తెలుపుతుంది. ఆ శబ్దం ఆధారంగా శత్రువును వెంటాడే భారీ టార్పెడో ‘వరుణాస్త్ర’ను నగరంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల (ఎన్‌ఎస్‌టీఎల్) రూపొందించింది.

సుమారు ఒకటిన్నర టన్నుల బరువు, 533 మిల్లీమీటర్ల వ్యాసం గల ఈ ఆయుధాన్ని యుద్ధనౌక నుంచి ప్రయోగిస్తారు. 250 కిలోల వార్‌హెడ్‌తో 40 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 74 కిలోమీటర్ల చొప్పున దూసుకుపోతుంది.

వేగం పెరిగేకొద్దీ టార్పెడో చప్పుడూ పెరుగుతుంది. ఆ హోరులో లక్ష్యం ధ్వని దానికే వినిపించదు. శత్రువూ అప్రమత్తమవుతాడు. అందుకే ఇంధన ఇంజిన్‌కు బదులు బ్యాటరీలతో నడిచే విద్యుత్ మోటారును అమర్చారు. దీంతో నీటిపై బుడగల చారా మిగలదు.

సాధన ప్రయోగాల్లో వార్‌హెడ్ లేకుండా వదిలిన టార్పెడో చివరకు పైకి తేలుతుంది. విశాల సముద్రంలో దాన్ని వెతికి పట్టుకునేందుకు జీపీఎస్ పరికరం తోడ్పడుతుంది.

2016 జూన్ 29న అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ వరుణాస్త్రను నౌకాదళానికి అప్పగించారు. భారత్ డైనమిక్స్ విశాఖ కర్మాగారంలో తయారైన తొలి టార్పెడో 2020 నవంబరులో బయటికి వచ్చింది.