తాత్కాలిక అంగడికి కంప్యూటరు నెట్‌వర్కు

షోలాపురములో చాదర్లు, తువ్వాళ్లు నేయు తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్నవి. అట్టి కుటుంబమొకటి దీపావళికి వేరొక యూరిలో పదిహేను దినములకు అంగడి తెరచినదనుకొందము. అచ్చట బిల్లులకొక కంప్యూటరు, సరకు లెక్కకు మరియొకటి, జమాఖర్చులకు ఇంకొకటి, అన్నిటికిని ఒకే ప్రింటరు కలవు. బిల్లు వ్రాసినంతనే సరకు లెక్క తగ్గవలెను. రాత్రికి జమాఖర్చులు సరిపోవలెను. యంత్రములు కలియనిచో మూడు లెక్కలును మూడు త్రోవలు పట్టును. వానిని కలుపు ఏర్పాటే నెట్‌వర్కు. దానిని కొలది దినములకు క్రమముగా ఎట్లు నెలకొల్పవలెనో, మరల ఎట్లు తీసివేయవలెనో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుట మా యుద్దేశము.

1973లో అమెరికాలోని జెరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనశాలలో రాబర్టు మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ అను పద్ధతిని తలపెట్టి, డేవిడ్ బాగ్స్‌తో కలిసి రూపొందించెను. పెక్కు కంప్యూటర్లు ఒకే ప్రింటరును వాడుకొనవలెనన్న అవసరము దానికి ప్రేరణలలో నొకటి. మన అంగడి అవసరమును అదియే గదా!

మొట్టమొదట కాగితముపై అంగడి పటము గీయవలెను. ఏ బల్ల ఎచ్చట, కరెంటు ప్లగ్గు ఎచ్చట, జనము నడచు దారి ఎచ్చట అను సంగతులు అందు గుర్తింపవలెను. నడుమ రౌటరు నుంచవలెను. సామాన్యముగా దానికి నాలుగు కేబుళ్లు తగిలింపవచ్చును. చాలనిచో ఒక స్విచ్చి చేర్చిన సరిపోవును. సిమ్ కార్డుతో పనిచేయు రౌటరైనచో ఇంటర్నెట్టు కొరకు కొత్త తీగ లాగించుకొన నక్కరలేదు. ఇంటర్నెట్టు ఆగిపోయినను, లెక్కలు అంగడిలోని కంప్యూటరునందే యున్నచో, యంత్రములు తమలో తాము వానిని పంచుకొనుచునే యుండును.

కదలని యంత్రములకు కేబులే మేలు. దానిలో ఎనిమిది రాగితీగలు జంటలు జంటలుగా మెలివేయబడియుండును. ఆ మెలిక వలన ప్రక్క తీగలును, బయటి విద్యుత్తును కలిగించు అలజడి తగ్గును. ఒక్కొక్క కేబులు 100 మీటర్లకు మించరాదు. దానిని జనము నడచు దారిలో నేలపై పరువక పైనుండి కట్టవలెను. కరెంటు తీగలతో కలిపి కట్టరాదు.

ఫోన్లకు వైఫై కావలెను. అందు 2.4 గిగాహెర్ట్జుల తరంగములు దూరము పోవును గాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్జులవి వేగము గలవి గాని దూరము తక్కువ. ఇనుపరేకులు రెంటికిని అడ్డమే. మనుష్యదేహమున నీరు ఎక్కువ గనుక జనసమ్మర్దమును తరంగములను కొంత మ్రింగివేయును. ఉదయము చక్కగా పనిచేసిన వైఫై సాయంకాలపు రద్దీలో తడబడుటకు ఇదియొక కారణము. కావున రౌటరును తలలకు మించిన ఎత్తున నుంచవలెను.

ఇంటికి నెంబరు వలె ప్రతి యంత్రమునకును చిరునామా యుండవలెను. 192.168.1 అను వరుసలో 1 మొదలు 254 వరకు చిరునామాలు వాడుకొనవచ్చును. రౌటరు వానిని తానే పంచును. ప్రింటరుకు మాత్రము మారని చిరునామా నియమింపవలెను. లేనిచో నిన్న పలికిన ప్రింటరు నేడు పలుకకపోవచ్చును.

“పదిహేను దినములకే గదా” యని తాళము వేయకుండుట తగదు. అరువు లెక్కలును, కొనుగోలుదారుల ఫోను నెంబర్లును అందే యున్నవి. అంగడి పదిహేను దినములదే యైనను, పోయిన అరువు లెక్క ఆ కుటుంబమునకు ఏడాది కష్టము. కావున రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చవలెను. వైఫైకి డబ్ల్యుపిఎ 2 గాని, 2018లో వెలువడిన డబ్ల్యుపిఎ 3 గాని ఎంచుకొనవలెను. వచ్చినవారు వైఫై అడిగినచో అతిథులకు వేరుగా నుండు నెట్‌వర్కునే ఇయ్యవలెను. కరెంటు పోయినను పని సాగుటకు రౌటరును, బిల్లుల కంప్యూటరును యూపీఎస్‌కు తగిలింపవలెను. ప్రతి రాత్రియు లెక్కల ప్రతిని పెన్‌డ్రైవులో తీసికొని వెంట ఇంటికి పోవలెను.

అంగడి ఎత్తివేయునాడు తొందర పనికిరాదు. లెక్కలు రెండు చోట్ల భద్రపరచి, తెరచి చూచుకొనిన పిమ్మటనే అద్దె కంప్యూటర్లలోని మన వివరములు తుడిచివేయవలెను. రౌటరును మొదటి స్థితికి తెచ్చి, కేబుళ్లు చుట్టి, ఒక్కొక్కదానికి చీటీ కట్టవలెను.

పడుగు సరిచేయక నేత మొదలుపెట్టు నేతగాడుండడు. ఇంట పెద్దలు అంగడి తలపెట్టునపుడు ఆ మొదటి పటమును గీసి యిచ్చు పని విద్యార్థులు చేపట్టవచ్చును. అందులకు కావలసినవి కాగితము, కొలబద్ద, కొంచెము ఓర్పు.