మంటతో ఐసు చేసే పెట్టె

ఆస్ట్రేలియాలో రిటైరైన దంపతులు చాలామంది కారు వెనక క్యారవాన్ తగిలించుకుని నెలల తరబడి దేశం చుట్టివస్తుంటారు. పొద్దు వాలేసరికి రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో బండి ఆపుతారు. అక్కడ కరెంటు ప్లగ్గు దొరకడం అరుదు. దిగగానే కొందరు రసమట్టం తెచ్చి క్యారవాన్ గచ్చు మీద పెట్టి చూస్తారు. వాలు కనిపిస్తే ఒక చక్రం కింద చెక్క తోస్తారు. మంచం సమంగా ఉండాలనే కాదు, ఫ్రిజ్ కోసం కూడా.

ఆ ఫ్రిజ్‌కు కంప్రెసర్ ఉండదు. మోటారు, పంపు కూడా ఉండవు. వెనక చిన్న గ్యాస్ మంట వెలుగుతుంటే లోపల ఐసు గడ్డకడుతుంది.

అమ్మోనియాను నీళ్లలో కలిపి, వేడితో మళ్లీ విడగొట్టి చల్లదనం పుట్టించడం ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్డినాండ్ కారే 1850ల చివర్లోనే చేసి చూపించాడు. అయితే ఆ యంత్రంలో ఒక పక్క ఎక్కువ పీడనం, మరో పక్క తక్కువ పీడనం ఉండాలి. అందుకు పంపు తప్పదు. 1922లో స్టాక్‌హోంలో ఇంజనీరింగ్ చదువుతున్న బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ ఆ పంపును తీసేశారు. దాని బదులు గొట్టాల్లోకి హైడ్రోజన్ ఎక్కించారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే తెలివి ఇదే. మండువేసవిలో అనంతపురంలో కుండనీళ్లు చల్లబడినంతగా మచిలీపట్నంలో చల్లబడవు. ఎండ ఒకటే అయినా, పొడిగాలిలో నీటి ఆవిరి తక్కువ కాబట్టి కుండ చెమ్మ త్వరగా ఆరుతుంది. ఈ ఫ్రిజ్‌లో అమ్మోనియాకు హైడ్రోజనే ఆ పొడిగాలి. మొత్తం పీడనం అన్ని గొట్టాల్లోనూ దాదాపు ఒకటే. కానీ హైడ్రోజన్ నిండిన చోట అమ్మోనియా వాటా పీడనం పడిపోతుంది. దాంతో ద్రవ అమ్మోనియా ఆవిరైపోతూ పెట్టెలోని వేడిని లాగేసుకుంటుంది. ఆ ఆవిరిని కిందనున్న నీళ్లు పీల్చుకుంటాయి. తేలికైన హైడ్రోజన్ తిరిగి పైకి పోతుంది. అమ్మోనియా కలిసిన నీళ్లు మంట దగ్గరకు చేరితే, అక్కడ పుట్టే బుడగలే నీళ్లను సన్నటి గొట్టంలో పైకి నెడతాయి. మిగతా దారంతా పల్లానికి పారడమే.

1925లో ఎలక్ట్రోలక్స్ కంపెనీ ఈ ఆవిష్కరణను కొనేసింది. కొన్నేళ్లకు భౌతిక శాస్త్రవేత్తలు ఐన్‌స్టీన్, లియో జిలార్డ్ కూడా కదిలే భాగాల్లేని ఫ్రిజ్‌లకు పేటెంట్లు పొందారు. అవేవీ బజారుకు రాలేదు. విద్యార్థుల పెట్టె మాత్రం కరెంటు లేని ఇళ్లకూ, తర్వాత క్యారవాన్లకూ చేరింది. దానికి కావలసింది వేడి ఒక్కటే. అది ఎక్కడినుంచి వచ్చినా ఒప్పుకుంటుంది: దారిలో కారు ఇచ్చే 12 వోల్టులు, క్యారవాన్ పార్కులో కరెంటు, రోడ్డు పక్కన గ్యాస్. పెట్రోలు బంకులో మాత్రం మంట ఆర్పాల్సిందే.

పల్లానికి పారే యంత్రం కాబట్టే దానికి వాలు గిట్టదు. బండి నడుస్తున్నప్పుడు అటూ ఇటూ ఊగుతుంది కనుక ఏమీ కాదు. ఒకే పక్కకు వాలి నిలబడితే ద్రవం ఓ మూల చేరుతుంది, ప్రవాహం ఆగుతుంది, మంట దగ్గరి గొట్టం అతిగా కాగుతుంది. తుప్పు పట్టకుండా నీళ్లలో కలిపిన క్రోమేట్ లవణం గడ్డకట్టి సన్నటి దారిని మూసేస్తుంది. మొరాయించిన ఫ్రిజ్‌ను ఒక రాత్రి తలకిందులుగా పెట్టడం పాతకాపుల వైద్యం. ఒక్కోసారి పనిచేస్తుంది, కానీ లవణం గట్టిగా పేరుకుపోయాక ఫలితం ఉండదు.

నలభై డిగ్రీల ఎండ దీనికి మరో శత్రువు. ఫ్రిజ్ వెనకనున్న గాలి బాగా వేడెక్కితే, మంట విడగొట్టిన అమ్మోనియా ఆవిరి మళ్లీ సరిగా ద్రవంగా మారదు. అందుకే ఇప్పుడు చాలామంది కప్పు మీద సోలార్ పలకలు, కింద లిథియం బ్యాటరీ పెట్టించుకుని 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లకు మారుతున్నారు. వాటిని కొంత వాలులో ఆపినా ఇబ్బంది లేదు. అయితే వరసగా నాలుగు రోజులు మబ్బు పట్టి, బండి కదలకపోతే బ్యాటరీ అడుగంటుతుంది. గ్యాస్ ఫ్రిజ్ పెట్టుకున్నవాళ్లకు ఆ బెంగ లేదు. తొమ్మిది కిలోల సిలిండరు ఒక్కటుంటే రెండు వారాలు సులువుగా గడిచిపోతాయి.