హనుమంతుడి బిళ్ల ఎవరు వేశారు?

"సార్, దీన్ని అమెరికావాళ్లు కోట్లకు కొంటారట కదా?" ఓయూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఓ పీజీ విద్యార్థి రుమాలు విప్పాడు. రాగి బిళ్ల. ఒకవైపు సంజీవని ఎత్తుకున్న హనుమంతుడు, రెండోవైపు 'ఈస్టిండియా కంపెనీ, 1818'. నాయనమ్మ దేవుడి గూట్లో ఉండేదట. తార్నాకలో మా ఇంటికీ ఇలాంటివి పట్టుకొస్తుంటారు.

అపోహ: ఇది కంపెనీ నాణెం.
వాస్తవం: కాదు. కంపెనీ మద్రాసులో విష్ణుమూర్తి బొమ్మతో బంగారు వరహాలు వేసిన మాట నిజమే. హనుమంతుడి రాగి నాణేలు మాత్రం వేయలేదు. ఇవి భక్తుల కోసం తర్వాత తయారైన బిళ్లలు. కొన్నిటి మీద 1616 అని కూడా ఉంటుంది.

అపోహ: బియ్యపు గింజల్ని లాగితే అందులో ఇరిడియం ఉన్నట్టే.
వాస్తవం: ఇరిడియం లాగదు, రాగీ లాగదు. లాగేది లోపల దాచిన అయస్కాంతం, కదిలేది గింజలకు పట్టించిన ఇనుప రజను. 'రైస్ పుల్లింగ్' అంటూ ఎవరైనా వస్తే పోలీసులకు చెప్పండి.

అపోహ: సర్కారు వేయని బిళ్లకు విలువుండదు.
వాస్తవం: న్యూయార్క్‌లో టాల్బట్, ఆలమ్ అండ్ లీ అనే వర్తకులుండేవారు. మన దేశంతోనే వ్యాపారం. చిల్లర కరువైన ఆ రోజుల్లో, 1794, 1795 సంవత్సరాలు వేసిన రాగి టోకెన్లను ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కొట్టించుకున్నారు. ఒకవైపు తెరచాప ఓడ, రెండోవైపు సరుకు మూట పక్కన స్వేచ్ఛాదేవి. 1794 బిళ్ల అంచున 'మా దుకాణంలో చెల్లుతుంది' అనే అర్థమొచ్చే అక్షరాలు. 1795లో రాగి దొరక్క అమెరికా టంకశాలే ఆ టోకెన్లను వేలల్లో కొని, కత్తిరించి, వాటి మీద అర సెంటు ముద్ర కొట్టింది. ఆ అర సెంట్లు కొన్నింటిలో భూతద్దం పెడితే అడుగున వర్తకుల అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. సేకర్తలు వెతుక్కునేది వాటినే.

అపోహ: తోమి మెరిపిస్తే మంచి ధర వస్తుంది.
వాస్తవం: దయచేసి తోమకండి. రాగిని చింతపండుతో, వెండిని పళ్లపొడితో రుద్దితే పైపొర పోతుంది, దాంతో ధరా పోతుంది. నిజాం చార్మినార్ రూపాయి చూడండి. కమాను లోపల చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీఖాన్, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీఖాన్. మా బంధువులింట్లో ఓ రూపాయిని ఏటా దీపావళికి తోమి తోమి ఆ అక్షరాన్నే అరగదీశారు.

బిళ్లను మెత్తటి కాగితంలో చుట్టి, అది ఎలా వచ్చిందో నాయనమ్మనడిగి రాసిపెట్టమని ఆ అబ్బాయికి చెప్పాను. వారం తిరక్కుండా చీటీ తెచ్చాడు: 'పెళ్లైన ఏడాది, భద్రాచలం, సీతారాముల కల్యాణానికి వెళ్లినప్పుడు తాతయ్య కొనిచ్చినది.'