లినక్సు యంత్రములపై చదరంగము: మూటకట్టువారి పని

చదరంగమాడ నేర్చిన విద్యార్థులు మన పాఠశాలలో చాలమంది కలరు. కంప్యూటరుతో ఆడినవారును తక్కువ గారు. అయితే ఆ ఆట కంప్యూటరులోనికి ఎట్లు వచ్చినది, ఎవరు తెచ్చి పెట్టిరి అని అడిగినవారు మాకంతగా కనబడలేదు. లినక్సు వాడువారు ఒక్క ఆజ్ఞ వ్రాసి ఒక నిమిషము కూర్చుండినచో, ప్రపంచమందలి మేటి ఆటగాండ్రను సైతము ఓడింపగల ప్రోగ్రాము వారి యంత్రమున అమరును. దానికి వెల లేదు. ఆ ఒక్క నిమిషమునకు వెనుకనున్న పనిని గూర్చి మాకు తెలిసినంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

చదరంగపు ప్రోగ్రామని మనము చెప్పునది సాధారణముగా రెండు వేఱు వేఱు ప్రోగ్రాముల కూడిక. ఎత్తులను ఆలోచించునది ఒకటి. దీనిని ఇంజను అందురు. పలకను, పావులను తెరపై చూపి మన ఎత్తును గ్రహించునది మఱియొకటి. ఇంజనునకు కన్నులు లేవు. ఒక పంక్తి వ్రాసి యిచ్చినచో చదువుకొని, ఇంకొక పంక్తి వ్రాసి బదులిచ్చుట మాత్రమే దానికి తెలియును. గ్నూ చెస్ అను ఇంజనును స్టూవర్ట్ క్రాక్రాఫ్ట్ అను నతడు 1984లో ప్రారంభించెను. తెరపై పలకను చూపు ఎక్స్‌బోర్డు అను ప్రోగ్రాము 1990వ దశకపు ఆరంభమునుండి నడచుచున్నది. టిమ్ మాన్ అను నతడు దానిని చాలయేండ్లు పోషించెను. ఎక్స్‌బోర్డు ఇంజనులతో మాటలాడు తీరు ఒకటి. 2000 సంవత్సరమున రుడాల్ఫ్ హూబర్, స్టెఫాన్ మేయర్-కాలెన్ అను ఇరువురు యూసీఐ అను వేఱొక తీరును ప్రకటించిరి. ఇందులో పలక "నీవు సిద్ధమా?" అని అడుగును; ఇంజను "సిద్ధమే" అనును. "మొదటి స్థితినుండి ఈ యీ ఎత్తులు జరిగినవి, ఇక ఆలోచింపుము" అని పలక చెప్పగా, కొంతసేపటికి "ఇది మేలైన ఎత్తు" అని ఇంజను చెప్పును. పాత పలకకు కొత్త ఇంజను భాష తెలియదు గనుక నడుమ ఒక దుబాసి కావలసివచ్చెను. ఫేబియన్ లెతూజే వ్రాసిన పాలీగ్లాట్ అను చిన్న ప్రోగ్రాము ఆ దుబాసి పని చేయును. ఇంజనును మాత్రమే తెచ్చుకొని పలకను తెచ్చుకొననివాడు నల్లని తెరను చూచి, ఇది చెడిపోయినదని తలంచును. చెడిపోలేదు, మాటలాడువారు లేక ఊరకున్నది.

పై లెతూజేయే ఫ్రూట్ అను ఇంజనును వ్రాసి, 2005లో దాని మూలలిపిని జీపీఎల్ అను లైసెన్సు క్రింద లోకమునకు విడిచెను. ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. అయితే పంచునపుడు మార్చిన మూలలిపిని కూడ ఇదే హక్కులతో ఈయవలయును. ఆ కాలముననే నార్వే దేశస్థుడు టార్డ్ రోమ్‌స్టాడ్ గ్లౌరుంగ్ అను ఇంజనును వ్రాసియుండెను. 2008లో ఇటలీవాడైన మార్కో కోస్టాల్బా దానిని తీసికొని బాగుచేసి స్టాక్‌ఫిష్ అని పేరిడెను. స్టాక్‌ఫిష్ అనగా ఎండుచేప. నార్వేలో ఎండి ఇటలీలో కూరయగును గనుక ఆ పేరు తగియున్నది. మన తీరమువారికి దీని భావము విప్పి చెప్పనక్కఱలేదు. లైసెన్సు మాట కాగితముపై మాత్రమే నిలుచునది కాదని తరువాత తేలినది. స్టాక్‌ఫిష్ మూలలిపిని వాడి ఇంజనులు అమ్మిన చెస్‌బేస్ అను జర్మను సంస్థపై 2021 జులైలో స్టాక్‌ఫిష్ వారు వ్యాజ్యము వేసిరి. 2022 నవంబరులో ఉభయులును రాజీపడగా, ఆ సంస్థ ఆ సరకు నమ్ముట మానుకొనెను.

ఇక మూట సంగతి. మూలలిపి యనునది మనుష్యులు చదువునది. యంత్రము నేరుగా దానిని నడపలేదు. దానిని యంత్రభాషలోనికి మార్చి, ఏ దస్త్రము ఏ అరలో ఉండవలయునో నిర్ణయించి, దీనితోకూడ ఇంకేమేమి కావలయునో పట్టిక వ్రాసి, లైసెన్సు పత్రమును జతపఱచి, వాడుక తెలుపు పుటను చేర్చి, ఏ నాడు ఏ మార్పు జరిగినదో చిట్టాలో ఎక్కించి, అన్నిటిని ఒక్క దస్త్రముగా కట్టుటయే ప్యాకేజీ చేయుట. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ సంఘమున ఈ పని చేయువారు స్వచ్ఛంద సేవకులు. వారి నియమములు కఠినములు. వాటిలో ఒకటి: మూట కట్టుచుండగా యంత్రము బయటి ప్రపంచమునుండి ఏమియు తెచ్చుకొనరాదు. కావలసినదంతయు ముందే మూలములో ఉండవలయును. లేనిచో నేడు కట్టిన మూటను ఱేపు ఇంకొకడు అట్లే కట్టి సరిచూచుకొన వలనుపడదు.

ఈ నియమము స్టాక్‌ఫిష్ విషయమున చిక్కు తెచ్చెను. జపానుదేశపు చదరంగమైన షోగీ కొఱకు యూ నాసు అను నతడు 2018లో కనిపెట్టిన ఒక పద్ధతిని 2020లో స్టాక్‌ఫిష్‌లో చేర్చిరి. పలకమీది స్థితి మేలో కీడో తూచుటకు లక్షలకొలది సంఖ్యలు గల పెద్దపట్టిక కావలయును. మూలలిపిని యంత్రభాషలోనికి మార్చుచుండగా ఆ పట్టికను ఇంటర్నెట్టునుండి తెచ్చుకొనుట అచ్చటి వాడుక. కావున మూటకట్టువాడు దానిని ముందుగా తెచ్చి, అది సరియైన దగునో కాదో పరీక్షించి, మూలముతో చేర్చుకొనవలసియుండును.

అంతకంటె పెద్దచిక్కు వేఱొకటి గలదు; దానిని మేము స్వయముగా అనుభవించితిమి. ఒక సెలవుదినమున మా కొత్త యంత్రముపై స్టాక్‌ఫిష్‌ను యంత్రభాషలోనికి మార్చుకొంటిమి. మిక్కిలి వేగముగా నడచెను. సంతోషించి ఆ దస్త్రమునే ఒక మిత్రుని పాతయంత్రమునకు పంపితిమి. అచ్చట అది ఒక్క ఎత్తునైనను వేయక, "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని రెండుమాటలు చెప్పి ఆఱిపోయెను. మిత్రుడు తానేదో తప్పు చేసితినని తలంచి రెండు దినములు ఆ యంత్రమును విప్పి కట్టెను. తప్పు మాది. 2013 తరువాతి ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అను ఆజ్ఞలు కలవు. ఒకే దెబ్బకు అనేక సంఖ్యలను కూడుట వాటి పని. మేము ఆ ఆజ్ఞలతో కట్టితిమి. పాతయంత్రమునకు ఆ మాటలే తెలియవు.

డెబియన్ మూటయన్ననో, 2003లో వెలువడిన తొలి ఎక్స్86-64 ప్రాసెసరు మొదలుకొని నేటిదానివఱకు అన్నిటిపైనను నడవవలయును. కావున మూటకట్టువాడు అందఱకును తెలిసిన పాత ఆజ్ఞలతోనే కట్టును. కొత్తయంత్రము గలవారు తమ ఇంజను మందకొడిగా నున్నదని గొణుగుదురు. ఒకే మూటలో రెండుమూడు విధములుగా కట్టినవాటిని ఉంచి, నడచుటకు ముందు ప్రాసెసరును అడిగి తగినదానిని ఎన్నుకొను చిన్న ప్రోగ్రామును చేర్చుట ఒక ఉపాయము. మూట బరువెక్కును, పరీక్షింపవలసిన పని మూడింతలగును. ఇది చేయుటకు ఓపిక లేనిచోట, నెమ్మదియైనను అందఱకును నడచునదే మేలని మా అభిప్రాయము. నెమ్మదిగా నడచిన స్టాక్‌ఫిష్ సైతము మన ఊరిలో ఎవరికైనను ఆటకట్టు చెప్పగలదు.

మూటకట్టువాడు మూలలిపిలో తప్పు చూచినపుడు ఏమి చేయవలయును? తన మూటలోనే దిద్దుకొనవచ్చును. లేదా మూలకర్తకు వ్రాసి అచ్చటనే దిద్దింపవచ్చును. మొదటిది సుళువు. దాని యపాయమునకు చదరంగమునకు వెలుపల ఒక నిదర్శనము కలదు. 2006లో డెబియన్‌లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను రహస్యలిపి ప్రోగ్రామును మూటకట్టుచు, పరీక్షలో ఫిర్యాదు వచ్చిన ఒకటి రెండు పంక్తులను తొలగించిరి. ఫిర్యాదు పోయెను, దానితో తాళపుచెవులకు యాదృచ్ఛికతను చేకూర్చు మార్గమును పోయెను. 2008 మే నెలలో ఇది బయటపడునంతవఱకు, ఆ యంత్రములపై చేసిన తాళపుచెవులు ఎవరైనను వరుసగా ప్రయత్నించి కనుగొనదగినంత కొలదిపాటివి మాత్రమే. మూటకట్టినవాడు బాగుచేయుదమనియే చేసెను.

చదరంగములో ఇంతటి ప్రమాదము లేదు. అయినను ఇంజను ఆలోచనను మూటలో మార్చుట తగదు. స్టాక్‌ఫిష్ వారికి 2013నుండి ఫిష్‌టెస్ట్ అను పరీక్షాపద్ధతి కలదు. ఒక మార్పు బాగున్నదని ఎవరైనను చెప్పినచో, పాతదియు కొత్తదియు స్వచ్ఛంద సేవకుల యంత్రములపై వేలకొలది ఆటలాడి తేల్చుకొనును. మనకు బాగుగా తోచిన మార్పులు అచ్చట తఱచుగా వీగిపోవును. మూటకట్టువాని నేర్పు వేఱుచోట్ల అక్కఱకు వచ్చును: ప్రోగ్రాముల జాబితాలో చిత్రము కనబడునా, వాడుక పుట ఉన్నదా, పలక తెఱచినంతనే ఇంజనును తనంతట తాను కనుగొనునా అనునవి. ఈ మూడవది సరిగా లేకయే కొత్తవారు పలువురు మొదటిదినముననే విసుగుచెంది మానివేయుదురు.

వ్రాసినవారు వదలివేసిన ప్రోగ్రాముల గతి విచారకరము. పలకను చూపు ప్రోగ్రాములు ఇతరులు వ్రాసిన ఉపకరణములపై నిలిచియుండును. పైథాన్ భాష రెండవరూపమునకు పోషణ 2020 జనవరి 1తో ముగిసెను. పైచెస్ అను ప్రోగ్రామును అంతకుముందే మూడవరూపమునకు మార్చినందున అది బ్రతికెను. మార్చువారు లేని ఇతర ప్రోగ్రాములు అనేకము, వాటిలో ఏ దోషము లేకున్నను, మూటల జాబితానుండి తొలగింపబడెను.

తెలుగువారికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పవలయును. ఆటలను వ్రాసి దాచుకొను పీజీఎన్ అను పద్ధతిని 1994లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ స్థిరపఱచెను. అందు అనుమతించిన అక్షరములు పశ్చిమ ఐరోపా భాషలవి మాత్రమే. మన పిల్లలు ఆటగాని పేరును తెలుగున వ్రాసి దాచినచో, నియమమును అక్షరాల పాటించు ప్రోగ్రాములో అది తిరిగి తెఱచునప్పటికి గుర్తులేని గీతలగును. చాల ప్రోగ్రాములు నేడు యూనికోడును ఒప్పుకొనుచున్నవి, కొన్ని ఒప్పుకొనవు. ఒక తెలుగుపేరుతో ఆటను దాచి, మూసి, తిరిగి తెఱచి చూచుటకు ఐదు నిమిషములు చాలును. చెడినచో ఏ ప్రోగ్రాము, ఎన్నవ కూర్పు, ఏమి వ్రాసితిమి, ఏమి కనబడెను అని నాలుగు ముక్కలు వ్రాసి పంపవలయును.

అట్లు పంపిన తప్పు మూలకర్త దిద్దినను వెంటనే మనయొద్దకు రాదు. కొత్తమూట మొదట అస్థిరశాఖలో చేరును. కొన్ని దినములు గడచి పెద్దదోషము బయటపడనిచో పరీక్షాశాఖకు పోవును. సుమారు రెండేండ్లకొకసారి వెలువడు స్థిరశాఖలో తుదకు కూర్చుండును. ఈ యేడు ఎనిమిదవ తరగతి చదువుచు తప్పు పట్టి పంపిన విద్యార్థి, పదవ తరగతి పరీక్షకు కూర్చుండునాటికి, పాఠశాల యంత్రముపై తన పేరు తెలుగున సరిగా కనబడుటను చూడవచ్చును.